గ్రామమునకు నీడనిచ్చు చెట్లు

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున గావింపబడిన ప్రసంగపాఠము)



ఒక గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండుట సామాన్యమైన విషయము కాదు. ఇచ్చటి బల్లలయొద్ద బొమ్మల పుస్తకములు తిరుగవేసిన బాలురు పెద్దవారై, తమ బిడ్డలను చేయిపట్టుకొని మరల ఇదే గడప నెక్కుటకు పట్టు కాలమది. చెట్టునకును ఇరువదియైదేండ్లు అట్టి వయస్సే. గ్రంథాలయము తలుపు తెరచిననాడే వాకిట నొక చింతమొలక నాటి కాపాడినచో, రజతోత్సవమునాటి కది పదిమంది కూర్చుండదగిన నీడ పరచి, ఏటేట కాయలు కాయుచుండును. ఆనాడు నాటనిచో ఆ నీడ నేడు ఏ సంతలోను దొరకదు. పుస్తకము కావలెనన్న పట్టణమునుండి మరునాటికి తెప్పింపవచ్చును. ఇరువదియైదేండ్ల నీడను తెప్పించుటకు ఇరువదియైదేండ్లే పట్టును. నీడచెట్లనుగూర్చి గ్రామస్థులు ఆలోచింపవలసిన మొదటి మాట ఇది.

వైశాఖమాసమున మధ్యాహ్నము రెండుగంటలవేళ పరిగి ప్రాంతపు బాటలలో నడచినవారికి నీడవిలువ వేరుగ చెప్పనక్కరలేదు. ఉష్ణమానము 40 డిగ్రీలను సమీపించు దినములలో బస్సుకై నిలుచున్న ముదుసలి, చేనినుండి వచ్చు కూలి, బీళ్లలో తిరిగి తిరిగి వగర్చు ఆవు, బడి విడిచి వచ్చు పసివాడు, వీరందరును వెదకునది ఒక్కటే. రేకులకప్పు క్రింద నిలిచినచో ఎండ తప్పునుగాని వేడి తప్పదు. కాగిన రేకు తన వేడిని క్రిందికి క్రుమ్మరించును. చెట్టునీడ అట్టిది కాదు. ఆకు వేరునుండి వచ్చిన నీటిని ఆవిరిగా విడుచుచుండును. ఒక లీటరు నీటిని కాచి మరుగుదనుక తెచ్చుటకు కావలసిన వేడికన్న, మరిగిన యా నీటినంతయు ఆవిరిగా మార్చుటకు కావలసిన వేడి అయిదు రెట్లకు మించును. ఆ వేడిని ఆకులు తమ చుట్టునుగల గాలినుండియు ఎండనుండియు గ్రహించును. అందుచేతనే వేపక్రింది గాలి చల్లన, రేకులక్రింది గాలి వేడి. ఇందు మంత్రము లేదు. వేరునకు నీరు, కొమ్మకు ఆకు, ఈ రెండును వేసవిలో నుండవలెను. అంతియే.

ఈ సూత్రమును మనస్సున నుంచుకొని ఇతరదేశముల నీడచెట్లను చూచుట ప్రయోజనకరము. అమెరికా, కెనడా దేశములలో ఇండ్లముందును వీధులవెంటను నాటు చెట్లలో మేపుల్ మిక్కిలి ప్రసిద్ధము. ఈ ప్రాంతములనుండి ఉద్యోగములకై వెళ్లి అచ్చట కాపురమున్న తెలుగు కుటుంబములు పంపు చిత్రములలో, ఎఱ్ఱగను పసుపుగను మండుచున్నట్లు కనబడు చెట్లు తరచుగ నివియే. దాని ఆకు వ్రేళ్లు చాచిన అరచేతివలె నుండును. 1965 లో కెనడా దేశము తన జెండాపై ఆ ఆకునే నిలుపుకొన్నది. అందొక జాతి కాండమునుండి వసంతారంభమున రసము తీసి, సుమారు 40 లీటర్ల రసమును కాచి ఒక లీటరు పాకము చేయుదురు. వేసవిలో దట్టమైన నీడ, శరత్తున రంగులు, చలికాలమున ఆకురాల్చి ఇంటిలోనికి ఎండను రానిచ్చుట దాని గుణములు. మంచు కురియు దేశమునకు ఇంతకన్న అనుకూలమైన చెట్టు అరుదు.

అట్టి సుందరవృక్షమును పరిగిలో ఏల నాటరాదని ఎవరైన అడుగవచ్చును. సమాధానము సులభము. ఆ మేపుల్ చలిలో నిద్రించి, ఆ చలి తీరినపిమ్మట చిగురించు చెట్టు. నీరు గడ్డకట్టు రాత్రులు దానికి కావలెను. పరిగి సీమలో అట్టి రాత్రులు లేవు. చాలినంత నిద్ర దొరకని చెట్టు వేళకు చిగురింపదు. చిగురించినను ఇచ్చటి వేసవిగాడ్పునకు దాని పలుచని యాకు అంచులనుండి మాడిపోవును. హిమాలయప్రాంతములలో మేపుల్ జాతులు కొన్ని గలవుగాని, వానికిని ఆ కొండల చల్లదనమే ప్రాణము. చెట్టు అందముగ నున్నంతమాత్రమున అన్ని యూళ్లకును తగదు. ఎచ్చటి ఎండకు అచ్చటి నీడ.

ఐనను మేపుల్‌నుండి నేర్వదగిన పాఠములు రెండు గలవు. వెండిమేపుల్ అనునొక జాతి త్వరగ పెరుగును. త్వరగ నీడ కావలెనని అచ్చటివారు దానిని విరివిగ నాటిరి. ఆ తొందరకు ఫలముగ గాలివానకు దాని కొమ్మలు విరిగి ఇండ్లపై పడుట వారెరుగుదురు. మెల్లగ పెరుగు చక్కెరమేపుల్ కొయ్య గట్టిది. త్వరగ వచ్చిన నీడ త్వరగ పోవుననుట మొదటి పాఠము.

రెండవది ఇంతకన్న పెద్దది. అమెరికా పట్టణముల వీధులలో ఒకప్పుడు ఎల్మ్ అను చెట్లు బారులు తీరియుండెడివి. 1930 లో ఆ దేశమున బయటపడిన యొక తెగులు తరువాతి దశాబ్దములలో లక్షలకొలది ఎల్మ్ చెట్లను చంపెను. అనేక పట్టణములు వానిస్థానమున మేపుల్, యాష్ అను చెట్లను నాటినవి. 2002 లో, తెలుగువారు అధికముగ నివసించు డిట్రాయిట్ పరిసరములలో యాష్ చెట్లను తొలుచు పురుగు కనబడి, పిమ్మట కోట్లకొలది చెట్లను నశింపజేసెను. వీధినిండ ఒకే జాతి యున్నప్పుడు, ఒక్క తెగులు వచ్చినను వీధియంతయు మోడువారును. ఇది పరదేశపు కథయని తోసివేయరాదు. 2021 లో తెలంగాణమున వేపచెట్ల కొమ్మలు చివరలనుండి ఎండుచు రాగా ప్రజలు భయపడిరి. ఆంధ్రప్రాంతమునను ఆ తెగులు కనబడినది. పెక్కు చెట్లు మరల చిగురించినవిగాని హెచ్చరిక మాత్రము నిలిచినది. ఎంత మంచిదైనను వేప యొక్కటియే చాలదు.

ఇక ఈ సీమ స్వభావము చూడవలెను. 2022 వరకు అనంతపురము జిల్లాలోను, తరువాత శ్రీ సత్యసాయి జిల్లాలోను చేరియున్న యీ ప్రాంతము దేశమున మిక్కిలి తక్కువ వర్షము గలవానిలో నొకటి. పూర్వపు అనంతపురము జిల్లా సగటు వర్షపాతము సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి మేఘములు పడమటి కనుమలయందే తమ భారము దించుకొని వచ్చును. ఈశాన్యపు మేఘములు తూర్పుతీరమున కురిసి అలసి వచ్చును. రెండింటి నడుమ నున్నదీ సీమ. నంది కొండలలో పుట్టిన పినాకినియు, దేవరాయనదుర్గమున పుట్టిన జయమంగళియు పరిగి మండలమున సంగమించుచున్నను, ఇసుక కనబడు దినములే హెచ్చు. నేల యెఱ్ఱనిది, రాతిగరుసు కలిసినది. అట్టిచోట నిలుచు చెట్టు వేరు లోతుగ పోవునది, వర్షము తప్పిన సంవత్సరము ఓర్చుకొనునది, అన్నింటికి మించి చైత్రవైశాఖములలో ఆకు నిలుపునది కావలెను.

పూర్వులీ విషయము నెరుగనివారు కారు. గుత్తికి సమీపమున, కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలపై అశోకచక్రవర్తి చెక్కించిన శాసనములు గలవు. మనుష్యులకును పశువులకును ఉపకరించునట్లు బాటలవెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించుట వానిలో నొక ధర్మముగ చెప్పబడినది. అశోకుడు చెట్లు నాటించెనను మాట బడిపిల్లలు పరీక్షకై వల్లించునదిగ మాత్రమే మిగిలినదిగాని, ఆ మాట చెక్కిన బండ ఈ రాయలసీమయందే యున్నది. పశువుల పేరును మనుష్యుల పేరుతో కలిపి చెప్పుట అందలి విశేషము. బావియు చెట్టును ఒకేచోట చెప్పుట మరియొక విశేషము. నీరు లేక చెట్టు లేదని ఆ రాజునకు తెలియును.

కదిరికి తూర్పున గూటిబైలువద్ద నున్న తిమ్మమ్మ మఱ్ఱిమాను ఈ జిల్లావారికి పరిచితమే. ఊడలు దిగి, ఊడలే మానులై, సుమారు 4.7 ఎకరముల మేర పందిరివేసిన యా మఱ్ఱి 1989 లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. 1434 లో భర్తతో సహగమనము చేసిన తిమ్మమ్మ చితి గుంజ చిగురించి ఆ మాను అయ్యెనని జనులు చెప్పుకొందురు. కథ ఎట్లున్నను, ఇంత తక్కువ వర్షముగల సీమలోనే అంత గొప్ప నీడ పెరుగుట సత్యము. ఈ నేలలో చెట్లు రావనువారికి ఆ మానే సమాధానము.

ఇప్పుడు ఏ చెట్టు ఎచ్చట తగునో విచారింపవలెను.

చింత ఈ సీమకు ఇలవేల్పువంటిది. హిందూపురము చింతపండు సంత దూరదేశములవరకు పేరెన్నికగన్నది. చింత మొదట ఆఫ్రికానుండి వచ్చినదని శాస్త్రజ్ఞులు చెప్పుదురుగాని, వచ్చి ఎన్నియో శతాబ్దములగుటచే అరబ్బులు దానిని హిందూదేశపు ఖర్జూరమని పిలిచిరి. వేరు లోతు, కొమ్మ గట్టి, ఆయువు నూరేండ్లకు పైమాట. పూర్తిగ మోడువారుట అరుదు. గింజనుండి పెంచినది కాపునకు వచ్చుటకు ఏడెనిమిదేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకుమించియు పట్టును. అంటుమొక్క ముందుగ కాయును. బాటలవెంటను, చేలగట్లపైనను, తోపులుగను దీనిని నాటవచ్చును. ఒక్కొక్క చెట్టునకు ముప్పది యడుగుల ఎడమైన నుండవలెను. దట్టమైన నీడక్రింద పైరు సరిగ పెరుగదు కావున చిన్నకమతము నడుమ నాటరాదు.

వేప మాఘఫాల్గుణములలో ఆకు రాల్చును. చూచువారికి ఎండినట్లు తోచును. ఉగాది వచ్చునప్పటికి లేతయాకు, పూత రెండును సిద్ధము. ఎండ ముదురువేళకు గొడుగు విప్పుకొని నిలుచును. ఇంటిముంగిట, బడియావరణమున, పశువులపాకవద్ద వేపకు సాటి లేదు.

కానుగ నీడ అన్నింటిలో దట్టము. ఇదియు వసంతమునకు ముందు కొలదిదినములు ఆకురాల్చి నిగనిగలాడు క్రొత్తయాకు తొడుగును. ఆకు వరిమడికి పచ్చియెరువు, గింజ దీపమునకు నూనె, వేరు గాలిలోని నత్రజనిని భూమికి చేర్చును. చెఱువుకట్టల దిగువను, వాగుల యొడ్డునను దీనిని నాటుట పూర్వాచారము.

మఱ్ఱి, రావి గ్రామపు రచ్చకట్టకు, పశువుల మందబయలునకు తగినవి. ఇండ్లగోడలకును బావులకును దూరముగ నుండవలెను. ఆ వేరు రాతిని చీల్చగలదు. మఱ్ఱిని లావైన కొమ్మనాటియు పెంచవచ్చును. నేరేడు తేమగల చెఱువుసమీపమున పెరిగి నీడతోపాటు పండ్లిచ్చును. గ్రంథాలయము, దేవాలయము మున్నగు చిన్న ఆవరణములకు పొగడ మేలు. మెల్లగ పెరుగునుగాని ఏడాదిపొడవున ఆకు నిలుపును. రాలిన పూవు ఎండినను వాసన విడువదు.

చూచుటకు ఇంపై సమయమునకు అక్కరకురాని చెట్లును గలవు. తురాయి మడగాస్కర్ ద్వీపమునుండి వచ్చినది. ఎఱ్ఱనిపూలు కన్నులపండువుగ నుండునుగాని, నీడ కావలసిన వేసవిలోనే చాలవరకు ఆకు రాల్చును. వేరు పైపైన ప్రాకుటచే గాలివానకు కూలును. నిద్రగన్నేరు అమెరికాఖండపు చెట్టు. విశాలమైన గొడుగువలె పెరుగునుగాని నీరు సమృద్ధిగ కావలెను. కొమ్మ పెళుసు. నీలగిరిచెట్టు, అనగా యూకలిప్టస్, సమీపమందలి నంది కొండపై టిప్పుసుల్తాను కాలమున, సుమారు 1790 లో ఈ దేశమున మొదట నాటబడినది. కొయ్యకై దానిని పెంచుకొనవచ్చునుగాని, నిటారుగ పెరిగి ఆకు వ్రేలాడవేయు చెట్టు నుండి నీడ నాశించుట వ్యర్థము. వీనిని నిషేధింపనక్కరలేదు. నీడకని మాత్రము నాటరాదు.

బాటవెంట ఒక చింత, ఒక వేప, ఒక కానుగ, ఒక నేరేడు, ఇట్లు కలిపి నాటినచో ఒకదానికి తెగులు వచ్చినను తక్కినవి నిలుచును. ఇంటికి నాటువారు పడమరదిక్కున నాటవలెను. మధ్యాహ్నము దాటిన ఎండయే గోడలను కాల్చునది. పెద్దచెట్టును గోడకు ఇరువదియైదడుగుల దూరమున, విద్యుత్తుతీగెలకు ఎడముగ నుంచవలెను. తీగెలక్రింద నాటిన చెట్టు ఏటేట తల నరికించుకొనుటకే పుట్టినట్లగును.

నాటు విధానము కష్టమైనది కాదు. వేసవిలోనే మూడడుగుల పొడవు, వెడల్పు, లోతుగల గుంట త్రవ్వి ఎండనీయవలెను. పైమట్టిని, చెఱువులోని వండ్రుమట్టిని, మాగిన పశువుల యెరువును, కొంచెము వేపపిండిని కలిపి నింపవలెను. ఈ సీమలో సెప్టెంబరు, అక్టోబరు మాసములు వానలకు ముఖ్యములు. కావున జూలైనుండి సెప్టెంబరులోగా తడిచూచి నాటవలెను. బాటప్రక్కకు ఆరడుగుల ఎత్తుగల మొక్క మేలు. మేక మెడకు అందనిది సగము బ్రతికినట్లే. చుట్టు ముండ్లకంప నాటి, ప్రక్క గుంజ కట్టవలెను. మొదట పాదిచేసి వేరుశనగ పొట్టుపరచినచో తేమ ఆరదు. ఐతే పొట్టును కాండమునకు తాకనీయక బెత్తెడు దూరముంచవలెను. అడుగున సన్నని రంధ్రముచేసి వత్తిదూర్చిన మట్టికుండను ప్రక్కన పాతి నింపినచో, నీరు వృథగాక వేరునకే చేరును.

ఇంతవరకు ఉత్సాహమున్నవా రెవరైనను చేయుదురు. 1950 లో దేశమున వనమహోత్సవము ప్రారంభమైననాటినుండి ప్రతి యేట మొక్కలు నాటబడుచునే యున్నవి. నాటినచోటనే మరుసటియేడు మరల గుంట త్రవ్వుటయు పలుచోట్ల చూచుచున్నదే. లోపము నాటుటలో లేదు. నీరుపోయుటలో నున్నది.

దీనికి చిన్నలెక్క గలదు. జనవరినుండి జూన్‌వరకు 26 వారములు. వారమునకు రెండు కడవలచొప్పున 52 కడవలు. వేరు లోతునకు దిగుటకు మూడు వేసవులు కావలెను. మొత్తము 156 కడవలు. కడవకు 15 లీటర్లు పట్టినచో 2,340 లీటర్లు. ఒక చెట్టు వెల ఇదియే. మొక్కను ఉచితముగ నిచ్చువారు గలరు, గుంట త్రవ్వించువారు గలరు. ఈ 156 కడవలు ఎవరు మోయుదురను ప్రశ్నకు సమాధానము లేనిచోట చెట్టు లేదు.

ఆ సమాధానము నిచ్చిన యొక స్త్రీ పొరుగునే కర్ణాటకమున నుండెను. మాగడి తాలూకా హులికల్ గ్రామమునకు చెందిన తిమ్మక్క చదువుకొన్నది కాదు, కూలిచేసి జీవించినది. సంతానము లేని యామెయు భర్త చిక్కయ్యయు మొదటియేడు పది మఱ్ఱిమొక్కలు, రెండవయేడు పదునైదు, మూడవయేడు ఇరువది నాటిరి. దూరమునుండి కడవలతో నీరు మోసి, ముండ్లకంచె వేసి, బిడ్డలవలె సాకిరి. హులికల్ నుండి కుదూరు పోవు బాటపై సుమారు నాలుగున్నర కిలోమీటర్ల మేర 385 మఱ్ఱులు అట్లు పెరిగినవి. సాలుమరద తిమ్మక్క అని, అనగా బారుచెట్ల తిమ్మక్క అని, లోకము ఆమెను పిలిచెను. 2019 లో పద్మశ్రీ బిరుద మిచ్చిరి. ఆ సంవత్సరమే బాగేపల్లి–హలగూరు బాట విస్తరణకు ఆ చెట్లు అడ్డమని కొట్టివేయు ప్రమాదము రాగా, నూరేండ్లు దాటిన యామె ముఖ్యమంత్రిని వేడుకొనెను. ప్రభుత్వము వేరుమార్గము ఆలోచింప సమ్మతించెను. 2025 లో ఆమె పరమపదించినది. తెలంగాణమున ఖమ్మమువద్ద వనజీవి రామయ్యయు సైకిలుపై మొక్కలు, విత్తనములు మోసికొని తిరిగి నాటుచు, 2017 లో పద్మశ్రీ పొంది, 2025 లోనే కన్నుమూసెను. వీరిలో ధనవంతులు లేరు. కడవ మోసినవారే యున్నారు.

తిమ్మక్క చెట్లకు కలిగిన యాపద ఇతర బాటలకును కలుగునదే. ఒకనాటి యెడ్లబండ్లకు నీడనిచ్చిన చింతలు బాట వెడల్పుచేయునప్పుడు ఒక్కపూటలో నేలకొరగును. చెట్టు కొట్టుటకు అనుమతి కావలెననియు, కొట్టినచోట మరల నాటవలెననియు ఆంధ్రప్రదేశమున 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము చెప్పుచున్నది. చట్టమున్నదని తెలిసినవారు గ్రామమున నలుగురుండినచో, గొడ్డలి పడకముందే అడుగగలరు. బాట వెడల్పు కావలసినదే. ఐనను కొట్టిన మానునకు మారుగ నాటిన మొక్కకు 156 కడవల నీరు ఎవరు పోయుదురని అడుగుట అభివృద్ధికి విరోధము కాదు.

గ్రంథాలయమున కొక గొప్ప అలవాటు గలదు. పుస్తకము ఇచ్చునప్పుడు ఎవరికి ఇచ్చినది రిజిస్టరులో వ్రాయుదురు. తీసికొన్నవారు దానిని చింపక, తడుపక, నియమితకాలమున తిరిగి తెత్తురు. ఇరువదియైదు సంవత్సరములు గ్రంథాలయము నిలిచినదన్న ఆ రిజిస్టరే కారణము. అట్టి రిజిస్టరు మరియొకటి చెట్లకును తెరువవచ్చును. చెట్టు పేరు, నాటిన స్థలము, నాటిన తేది, మూడువేసవులు నీరుపోయు చందాదారు పేరు, ఇంతియే అందు వ్రాయవలసినది. వేసవిలో నెలకొకసారి చూచి గుర్తు పెట్టవలెను. చచ్చిన మొక్కను చచ్చినదనియే వ్రాసి, వానలలో మరల నాటవలెను. అన్ని కడవలు పోసినవారు చెట్టును గ్రామమునకు తిరిగి ఒప్పగించినట్లగును.

సభాసదులారా! ఈ సంవత్సరము పది మొక్కలు చాలును. తిమ్మక్క పదితోనే ప్రారంభించినది. ఆ పదింటికి పదిపేర్లు రిజిస్టరున నెక్కి, మూడు వేసవులు కడవ తప్పకుండినచో, ఈ గ్రంథాలయపు స్వర్ణోత్సవము పందిరి వేయకయే జరుగును. నేడు ఇచ్చట తల్లుల యొడిలో నిద్రించుచున్న పసిపాపలు నాడు ఆ నీడలో కూర్చుండి పుస్తకము తెరతురు.